ఫైటర్ చేపకి ఎన్ని లీటర్లు కావాలి

దక్షిణ ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం దాకా మన తెలుగువాళ్ళ ఇళ్ళలో టీవీ పక్కనో, దుకాణంలో గల్లాపెట్టె మీదో ఒక గాజు సీసా కనిపిస్తుంది. అందులో లీటరు నీళ్ళు, అడుగున గుప్పెడు రంగురాళ్ళు, మధ్యలో నీలం తోకో ఎర్ర తోకో వేలాడేసుకుని ఒక ఫైటర్ చేప. రెండు నెలలకో మూడు నెలలకో చేప వెల్లకిలా తేలుతుంది. ఆ పూట ఇంట్లో వినిపించే మాట దాదాపు ఒకటే: "మన మీదున్న దిష్టి అది పట్టుకుపోయింది." సాయంత్రానికి అదే సీసాలో కొత్త చేప.

ఈ నమ్మకాన్ని తక్కువ చేసి మాట్లాడను. మన కోసం ఒక ప్రాణి పోయిందని తలచుకోవడంలో ప్రేమే ఉంది. మన ఒడియా పొరుగువాళ్ళు కార్తీకం చివరి ఐదు రోజులు చేప ముట్టరు. బకపంచుక అనే ఆ ఐదు రోజుల్లో కొంగ కూడా చేపని తాకదని చెప్పుకుంటారు. చేపంటే దయ లేని ప్రాంతం కాదు మనది. కాని దిష్టి అనుకున్నాక ఇక ఎందుకు చచ్చిపోయిందని ఎవరూ అడగరు. ఏడాదిలో నాలుగు చేపలు మారిన ఇంట్లో కూడా నీళ్ళని ఎవరూ అనుమానించరు. నూటికి తొంభై పాళ్ళు అనుమానించాల్సింది ఆ నీళ్ళనే.

సీసా చాలన్న ధీమా ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే, అందులో సగం నిజం ఉంది. ఫైటర్ గాలి పీలుస్తుంది. తలలో మొప్పలకి పైన చిన్న గది ఉంటుంది. అందులో ముడతలు ముడతలుగా ఉన్న పలుచటి ఎముక, దాని మీద రక్తనాళాల పొర. లాబిరింత్ అంటారు దాన్ని. చేప దగ్గర కూర్చుని ఐదు నిమిషాలు చూడండి. ఉన్నట్టుండి నీటి పైకి వస్తుంది, మూతితో గాలి బుక్క అందుకుంటుంది, లోపలున్న పాత గాలి మొప్ప రెప్పల కింద నుంచి చిన్న బుడగలై జారిపోతుంది. ఇదంతా ఒక్క సెకను పని. మనకిది కొత్తేమీ కాదు. సంతలో బేసిన్‌లో జానెడు నీళ్ళు పోసి కొరమేనుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బతికించి అమ్మడం చూస్తూ పెరిగినవాళ్ళం. కొరమేనూ గాలి పీల్చేదే. అందుకే "ఏటవుద్ది, గాలి పీల్చే చేపే కదా" అనేస్తాం. అయితే బేసిన్‌లో కొరమేను అమ్ముడయ్యే దాకా ఉంటే చాలు. ఫైటర్ మనింట్లో మూడేళ్ళు బతకాలి.

గాలి పీల్చడంతో తీరేది ఆక్సిజన్ సమస్య ఒక్కటే. తిన్న మేతలోని ప్రొటీన్ అరిగాక మిగిలే అమ్మోనియాని చేప మొప్పల నుంచి నీళ్ళలోకే వదులుతుంది. శ్వాస కోసం పైకి రాగలదు గాని, ఆ మురికిని పైకి తీసుకుపోయి వదలలేదు. కింద పడిన మేత, రెట్ట కుళ్ళితే ఇంకొంచెం అమ్మోనియా. లీటరు సీసాలో అదంతా చేప చుట్టూనే ఉండిపోతుంది.

దీన్ని లెక్కేసి చూడొచ్చు. రొయ్యల చెరువుల వాళ్ళు వాడే సూత్రమే ఇక్కడా పనికొస్తుంది: మేత బరువుని దాని ప్రొటీన్ శాతంతో, తర్వాత 0.092తో హెచ్చవేస్తే నీళ్ళలో చేరే అమ్మోనియా నత్రజని వస్తుంది. ఫైటర్ రోజుకి 20 మిల్లీగ్రాముల మేత తింటుందనుకుందాం, అందులో ప్రొటీన్ 40 శాతం. 20ని 0.4తో, 0.092తో హెచ్చవేస్తే సుమారు 0.74 మిల్లీగ్రాములు. లీటరు సీసాలో నాలుగు రోజులు నీళ్ళు మార్చకపోతే లీటరుకి 3 మిల్లీగ్రాములు. అదే 20 లీటర్ల తొట్టిలో రోజుకి 0.04 కూడా పెరగదు, పైగా ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా దాన్ని ఎప్పటికప్పుడు తినేస్తుంది.

ఆ 3 మిల్లీగ్రాములూ ఒకే రకం విషం కాదు. అమ్మోనియా నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి మొప్పల్ని కాల్చేది, ఒకటి దాదాపు హాని లేనిది. ఏది ఎంతన్నది పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె), వేడి తేలుస్తాయి. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తంలో అర శాతం పైచిలుకే కాల్చే రూపం. పీహెచ్ 8కి చేరితే అది 5 శాతం దాటుతుంది. మన బోరు నీళ్ళు చాలా చోట్ల 7.5కీ 8కీ మధ్య ఉంటాయి, ఎండాకాలం వేడి దానికి తోడు. కాల్చే రూపం లీటరుకి 0.05 మిల్లీగ్రాములు చేరగానే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. మూడు మిల్లీగ్రాముల్లో 5 శాతమంటే 0.15. ఆ సీసాలో చేప చావకుండా రెండు నెలలు నెట్టుకొచ్చిందంటే అది దాని మొండితనం. దాన్ని సుఖం అనుకోవద్దు.

ఇంకో మాట తరచూ వింటాం: "వాటి దేశంలో గేదె గిట్ట పడిన గుంటలో బతుకుతాయట." ఫైటర్ సొంత ఊరు థాయ్‌లాండ్, చావో ఫ్రాయా నది పారే మైదానం. అక్కడ దాన్ని ప్లా కాట్ అంటారు, అంటే కరిచే చేప. 2019లో ఆ దేశం దాన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. అది బతికేది వరి మళ్ళలో, గడ్డి పెరిగిన కాలవల్లో, పారకుండా నిలిచే చిత్తడి నీళ్ళలో. వరి మడి ఎంత ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పది సెంట్ల మడిలో నాలుగంగుళాల నీళ్ళు కట్టారనుకోండి. పది సెంట్లంటే సుమారు 405 చదరపు మీటర్లు, నాలుగంగుళాలంటే 10 సెంటీమీటర్లు. నీళ్ళు 40,000 లీటర్లు! లోతు తక్కువ, విస్తీర్ణం చాలా ఎక్కువ. ఎండలు ముదిరి మడి ఎండిపోతే గుంటల్లో చిక్కుకుపోవడం జరుగుతుంది. గాలి పీల్చే అవయవం ఆ గడ్డురోజులు గట్టెక్కించడానికి పనికొస్తుంది. కరువులో గంజి తాగి బతికిన మనిషికి జీవితాంతం గంజే చాలని ఎవరంటారు?

థాయ్ పెంపకందార్లు మగ చేపల్ని ఒక్కొక్కదాన్ని చిన్న సీసాల్లో, పాత విస్కీ సీసాల్లో పెడతారన్నది నిజమే. మగవి రెండు కలిస్తే తోకలు చీల్చుకుంటాయి కాబట్టి అమ్మే దాకా విడివిడిగా ఉంచాల్సిందే. అక్కడ వాతావరణం ఏడాది పొడుగునా వెచ్చన. సీసా నీళ్ళు మార్చడం వాళ్ళకి రోజువారీ పని, కూలీలు పెట్టుకుని మరీ చేస్తారు. ఆ సీసా కోల్‌కతా గాలిఫ్ స్ట్రీట్ సంత మీదుగానో, చెన్నై కొళత్తూరు మీదుగానో మన ఊరి దుకాణానికి వచ్చింది. ఆ నీళ్ళు మార్చే అలవాటు మాత్రం రాలేదు.

కాబట్టి ఎన్ని లీటర్లు? నా లెక్కలో ఒక చేపకి కనీసం 10, హాయిగా ఉండాలంటే 20. అంతకన్నా పెద్దదైతే ఇంకా మంచిదే గాని అవసరమేమీ కాదు. లీటర్ల కన్నా ఆకారం ముఖ్యం. సన్నగా పొడుగ్గా నిలబడే తొట్టి వద్దు. ముఖ్యంగా అర్ధచంద్రుడిలా తోక విప్పే హాఫ్‌మూన్ లాంటి బరువు తోకల చేప ప్రతి బుక్క గాలికీ ఆ లోతంతా ఈదలేక అలిసిపోతుంది. నీటి లోతు 20 నుంచి 25 సెంటీమీటర్లు చాలు. తొట్టి కట్టించేటప్పుడు 40 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 25 ఎత్తు చెప్పండి. 20 సెంటీమీటర్ల వరకు నింపితే సరిగ్గా 20 లీటర్లు, పైన 5 సెంటీమీటర్లు గాలికి. 5 మిల్లీమీటర్ల అద్దం చాలు. అతుక్కి వాడే సిలికాన్ మీద బూజు పట్టదని రాసి ఉంటే అది బాత్‌రూమ్ రకం, విషం కలిపి ఉంటుంది, వద్దనండి. అతికించాక 48 గంటలు ఆరనిచ్చి, నీళ్ళు నింపి ఒక రోజంతా కారుతోందేమో చూసుకోవాలి. నీళ్ళు, రాళ్ళు, అద్దం కలిపి 30 కిలోలకి దగ్గరవుతుంది. బల్ల గట్టిదై ఉండాలి, తొట్టి కింద అరంగుళం థర్మోకోల్ షీటు పరవాలి. బల్ల ఎత్తుపల్లాలుంటే అద్దం పగిలేది అడుగునే.

పైన మూత తప్పనిసరి. ఫైటర్ ఎగురుతుంది, తెల్లారి చూస్తే నేల మీద ఎండి ఉంటుంది. మూతకీ నీటికీ మధ్య గాలి వెచ్చగా, తేమగా ఉండటం కూడా చేపకి మంచిది. చలికాలంలో చల్లటి పొడి గాలి పీలిస్తే ఆ లాబిరింత్‌కి ఇబ్బంది. అలాగని సీసా మూతలా బిగించేయకూడదు, ఒక పక్కన వేలెడు సందు ఉండాలి.

ఫిల్టర్ అంటే చాలామంది జడుస్తారు, కరెంటు బిల్లనో చేప కొట్టుకుపోతుందనో. కావల్సింది చిన్న స్పాంజ్ ఫిల్టర్, దానికి 2, 3 వాట్ల గాలి పంపు. పంపుకీ స్పాంజ్‌కీ మధ్య ట్యూబుకి గాలి తగ్గించే చిన్న కుళాయి, వెనక్కి నీళ్ళు రానివ్వని వాల్వ్ రెండూ పెట్టాలి. వాల్వ్ లేకపోతే కరెంటు పోయినప్పుడు తొట్టిలో నీళ్ళు ట్యూబులోంచి వెనక్కి పాకి పంపులోకి పోతాయి. మన వైపు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు గనక ఇరవై ముప్పై రూపాయల ఈ ముక్కని మర్చిపోకూడదు. గాలి ఎంత వదలాలంటే, బుడగలు లెక్కపెట్టగలిగేలా. తోక ఒక పక్కకి ఎగురుతూ ఉంటే గాలి ఎక్కువైనట్టే.

స్పాంజ్ పని చెత్త పట్టడమే అనుకుంటారు. అసలు పని అందులో పెరిగే బ్యాక్టీరియాది. ఒక జాతి అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది. నైట్రైటూ విషమే, రక్తం ఆక్సిజన్ మోయనివ్వదు. ఇంకో జాతి దాన్ని నైట్రేట్ చేస్తుంది, అది కొద్దిగా ఉంటే చేప తట్టుకుంటుంది. ఈ రెండు జాతులూ స్పాంజ్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, దీన్నే ట్యాంక్ సైకిల్ అవడం అంటారు. ఎవరింట్లోనైనా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉంటే వాళ్ళ స్పాంజ్ ముక్క అడిగి తెచ్చుకోండి, తడి ఆరకుండా. తోడు వేస్తే పాలు తోడుకున్నట్టు పని త్వరగా అవుతుంది. చేపని ముందే తెచ్చేసి ఉంటే మొదటి నెల రోజూ పావు వంతు నీళ్ళు మార్చుతూ, మేత సగానికి తగ్గించి గట్టెక్కించాలి. ఎక్కువమంది చేసే తప్పు నెలకోసారి తొట్టి మొత్తం ఖాళీ చేసి, రాళ్ళు, స్పాంజ్ కుళాయి కింద సబ్బుతో కడిగి, తళతళలాడించి మళ్ళీ నింపడం. ఇల్లు శుభ్రంగా ఉంచుకునేవాళ్ళ ఇంట్లోనే ఇది ఎక్కువ. దాంతో బ్యాక్టీరియా అంతా పోయి లెక్క మళ్ళీ ఒకటో రోజుకి వస్తుంది. స్పాంజ్‌ని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే, బకెట్‌లో రెండుసార్లు పిండితే చాలు.

నీళ్ళు మార్చడం వారానికి ఒకసారి, 20 లీటర్లలో 5 లేదా 6 లీటర్లు. వేలి లావు పారదర్శకమైన ట్యూబు ఒకటి తొట్టిలో, ఇంకో కొస బకెట్లో. అడుగున రెట్ట ఉన్న చోట ట్యూబు మూతి ఆనిస్తూ పోతే మురికి నీళ్ళే ముందు వస్తాయి. కొత్త నీళ్ళు తొట్టి నీళ్ళకి ఒకటి రెండు డిగ్రీల తేడాలో ఉండాలి, గ్లాసుతో నెమ్మదిగా పోయాలి.

ఏ నీళ్ళన్నది మన ఊళ్ళలో పెద్ద ప్రశ్నే. కుళాయి నీళ్ళు వంశధారవైనా నాగావళివైనా ఇంటికొచ్చేసరికి క్లోరిన్ కలిసి ఉంటాయి. క్లోరిన్ మొప్పల్నీ, స్పాంజ్ బ్యాక్టీరియానీ రెండింటినీ చంపుతుంది. బకెట్‌లో పట్టి మూత లేకుండా ఒక రోజు ఉంచితే ఎగిరిపోతుంది. తొందరైతే సోడియం థయోసల్ఫేట్, పాత ఫోటో స్టూడియోల వాళ్ళు హైపో అనేది. 10 గ్రాములు లీటరు నీళ్ళలో కరిగించి సీసాలో పెట్టుకుంటే, 5 లీటర్ల కొత్త నీళ్ళకి అందులోంచి 4 మిల్లీలీటర్లు సరిపోతుంది. దుకాణంలో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే చుక్కలు చాలావరకు ఇదే. నూతి నీళ్ళు వాడేవాళ్ళు వానాకాలంలో జాగ్రత్త. బ్లీచింగ్ పౌడర్ వేసిన వారం హైపో లేకుండా ఆ నీళ్ళు పోయొద్దు. బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు గాని ఇనుము ఉంటే, పట్టిన మర్నాటికి బకెట్ అడుగున తుప్పు రంగు మడ్డి దిగుతుంది. పైన తేట మాత్రమే వంచుకోండి. ఇక శుభ్రమైనవని ఆర్వో నీళ్ళు మాత్రమే పోసేవాళ్ళున్నారు. వాటిలో ఖనిజాలు ఉండవు, పీహెచ్ నిలవదు. బోరు నీళ్ళతో సగం సగం కలిపితే మాత్రం చాలా బాగుంటాయి.

బాదం ఆకు గురించి చెప్పుకోవాలి. వీధి బాదం, నాటు బాదం అని మనం పిలిచే పెద్దాకుల చెట్టు మన బళ్ళ ఆవరణల్లో, గుళ్ళ దగ్గర ఉంటుంది. థాయ్‌లాండ్‌లో ఫైటర్ పెంచేవాళ్ళు వాడేది సరిగ్గా ఈ ఆకునే. పట్టణాల్లో ఇదే ఆకుని ప్యాకెట్లో పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. కొనక్కర్లేదు. తనంతట తను రాలిన ఎర్రబారిన ఆకు ఏరి, పెళుసుగా ఎండే దాకా నీడన ఉంచి, కడిగి, 20 లీటర్లకి ఒక ఆకు వేయండి. రెండు రోజుల్లో నీళ్ళు పలుచటి టీ రంగుకి తిరుగుతాయి. ఆ రంగునిచ్చే టానిన్లు బూజునీ కొన్ని బ్యాక్టీరియానీ కొంత అదుపులో పెడతాయి, ఖనిజాలు తక్కువున్న మెత్తటి నీళ్ళలో పీహెచ్ కాస్త దించుతాయి. గట్టి బోరు నీళ్ళలో పీహెచ్ కదలదు, ఆశ పెట్టుకోవద్దు. పచ్చి ఆకు వేస్తే కుళ్ళుతుంది. పెద్ద రోడ్డు పక్కన దుమ్ము, పొగ పట్టిన ఆకూ, మందు కొట్టిన తోటలో ఆకూ వద్దు. మూడు నాలుగు వారాలకి ఆకు ఈనెలు మాత్రం మిగిలితే తీసి కొత్తది వేయాలి. ఆ నీటి రంగు చూసి "నీళ్ళు పాడయ్యాయి" అని ఇంట్లో పెద్దవాళ్ళు పారబోసేస్తారు. ముందే చెప్పి ఉంచండి.

ఫైటర్‌కి 25 నుంచి 28 డిగ్రీలు కావాలి. సముద్రం పక్కన బరంపురంలో ఏడాదిలో ఎక్కువ నెలలు దీనికి కష్టపడక్కర్లేదు. కొరాపుట్ పట్నం సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. సిమిలిగుడ, పొట్టంగి వైపు డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల లోపుకి దిగుతాయి. లీటరు సీసా రాత్రికి రాత్రే గది చలికి వచ్చేస్తుంది, పగలు ఎండ పడితే మళ్ళీ పైకి. చేపని తిండి మానేసేలా చేసేది ఈ ఎక్కిదిగడమే. నీళ్ళు 22కి దిగితే చేప అడుగున రాయిలా పడుకుంటుంది, అరుగుదల మందగిస్తుంది. 20 లీటర్ల తొట్టికి థర్మోస్టాట్ (వేడి చాలినప్పుడు తనే ఆపేసే మీట) ఉన్న 25 వాట్ల హీటర్ చాలు, కొండ ప్రాంతంలో 50 వాట్లు పెట్టండి. నీళ్ళు మార్చే ముందు హీటర్ ప్లగ్ తీసి పది నిమిషాలు ఆగాలి. వేడి గొట్టం గాలికి తేలితే పగులుతుంది. హీటర్ మీద అంకెని నమ్మకుండా విడిగా ఒక థర్మామీటర్ తొట్టికి తగిలించండి. థర్మోస్టాట్ ఇరుక్కుపోయి నీళ్ళు వేడెక్కుతూ పోవడం చవక హీటర్లతో జరిగేదే. కరెంటు పోయిన రాత్రి మూడు వైపులా థర్మోకోల్ ఆనించి, పైన దుప్పటి కప్పితే 20 లీటర్లు తెల్లారే దాకా వేడి నిలుపుకుంటాయి. సీసాకి హీటర్ పెట్టే ఆలోచనే వద్దు, లీటరు నీళ్ళు చూస్తుండగానే మితిమీరి వేడెక్కిపోతాయి. మే నెలలో ఎదురు సమస్య. నీళ్ళు 31 దాటితే మూత స్థానంలో దోమతెర బిగించి, టేబుల్ ఫ్యాన్ గాలి నీటి మీదుగా పోనిస్తే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఐసు గడ్డలు వేయొద్దు.

మేత దగ్గర మన ఆప్యాయతే చేపకి ముప్పు. కోనేట్లో చేపలకి మరమరాలు చల్లి పుణ్యం కట్టుకున్న చేతులు సీసాలోనూ మరమరాలో అన్నం మెతుకులో వేస్తాయి. ఫైటర్ మాంసాహారి. నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటి మీద పడిన పురుగునీ దోమ పిల్లనీ అందుకోవడానికి. మెతుకు నోట్లో పెట్టుకుని ఊసేస్తుంది, అది అడుగున ఉబ్బి కుళ్ళి రేపటికి నీళ్ళు పాల తేటలా మసకబారతాయి. ఫైటర్ పేరుతో వచ్చే ఒక మిల్లీమీటరు గుళికలు పొద్దున మూడు, సాయంత్రం మూడు. దాని కడుపు దాని కన్నంత ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు. వారానికి ఒక రోజు పస్తు పెట్టండి, ఏమీ కాదు. దోమ పిల్లలు దొరికితే శుభ్రమైన బకెట్ నీళ్ళలో పుట్టినవి వేయొచ్చు. మురిక్కాలవలోవి, అక్కడి ఎర్ర ట్యూబిఫెక్స్ పురుగులు రోగాల్ని మోసుకొస్తాయి. పూలకుండీలో మనీప్లాంట్ పెట్టి కింద చేపని వదిలి "వేళ్ళు తిని బతుకుతుంది" అని అమ్మడం పచ్చి అబద్ధం. తొట్టి అంచున మనీప్లాంట్ వేళ్ళు నీళ్ళలోకి వదిలితే నైట్రేట్ కొంత లాక్కుంటుంది, చేపకి నీడ ఇస్తుంది. అది ఎంత ఎదిగినా నీళ్ళు మార్చడం తప్పదు.

ఊరెళ్ళేటప్పుడు పక్కింటి పిన్నిగారికి మేత డబ్బా అప్పగించొద్దు. ఆరోగ్యంగా ఉన్న చేప ఐదారు రోజులు తినకుండా ఉంటుంది. పాపం ఆకలేస్తుందేమోనని ఆవిడ ఒక్కపూట వేసే చెంచాడు మేత వారం పస్తు కన్నా ప్రమాదం.

ఫైటర్ అన్న పేరు వల్ల ఇంకో అలవాటు వచ్చింది. సంక్రాంతి కోళ్ళని చూసిన కళ్ళతోనే దీన్నీ చూస్తాం. పిల్లలు అద్దం చూపించి రెచ్చగొడతారు, ఎవరో రెండోదాన్ని తెచ్చి సీసాలు ఆనించి పెడతారు. థాయ్‌లాండ్‌లో పందేలు ఉండేవి, మూడవ రామ రాజు కాలంలో వాటి మీద పన్ను కూడా వేశారు. మన దేశంలో 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం ప్రాణుల్ని వినోదానికి కొట్లాడించడం నేరం. మనిషి కాని ప్రతి జీవీ ఆ చట్టంలో జంతువే. కదలడానికి తగినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని పాత్రలో బంధించడం కూడా అదే చట్టం కింద నేరం. అద్దం రోజుకి రెండు నిమిషాలు చూపిస్తే పర్వాలేదు, కాస్త వ్యాయామం. రోజంతా పక్క సీసాలో శత్రువు కనిపిస్తుంటే అది తిండి మీదికి పోదు, నిద్ర పోదు. మధ్యలో ఒక అట్ట పెట్టండి. నీటి మీద నురుగు గూడు కడితే సంతోషంగా ఉందని సంబరపడతారు. అది మగ చేప ఈడుకొచ్చిందనడానికి గుర్తు, మురికి సీసాలోనూ కడుతుంది.

కొత్త చేప కవర్లో వచ్చినప్పుడు కట్టు విప్పకుండా పదిహేను నిమిషాలు తొట్టి నీళ్ళ మీద తేలనివ్వండి, వేడి సమానమవుతుంది. కట్టు విప్పాక ఆలస్యం చేయకూడదు. దారి పొడుగునా చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు కవరు నీళ్ళ పీహెచ్ దించి ఉంచుతుంది కాబట్టి అందులో పేరుకున్న అమ్మోనియా ఇంతసేపూ కాల్చకుండా ఉంది. కట్టు విప్పగానే వాయువు పోయి పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా కాల్చడం మొదలెడుతుంది. గ్లాసుతో చేపని మాత్రం తీసి తొట్టిలో వదిలేసి, కవరు నీళ్ళు బయట పారబోయండి.

రోగం వచ్చాక మందు దుకాణానికి పరుగెత్తే ముందు చేప ఒంటిని చదవాలి. తోక అంచు నల్లబడి దారాలు దారాలుగా ఊడిపోతుంటే నీళ్ళు చెడ్డాయి. రోజూ పావు వంతు మార్చి, లీటరుకి ఒక గ్రాము కల్లుప్పు కరిగించి పోస్తే పది రోజుల్లో అంచున పారదర్శకంగా కొత్త పొర కనిపిస్తుంది. నీళ్ళు మార్చిన ప్రతిసారీ తీసిన నీళ్ళకి సరిపడా ఉప్పే మళ్ళీ కలపాలి, మొత్తానికి కాదు. టార్చి వెలుగులో ఒంటి మీద బంగారు పొడి చల్లినట్టు ఉంటే అది వెల్వెట్ అనే పరాన్నజీవి రోగం, త్వరగా పాకుతుంది. పొట్ట ఉబ్బి ఒక పక్కకి ఒరిగితే మేత ఎక్కువైంది, మూడు రోజులు పస్తు. పొలుసులన్నీ సీతాఫలం తొక్కలా లేచి నిలబడితే లోపల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, అప్పటికి దాదాపు ఏమీ చేయలేం. పెంచలేక వదిలించుకోవాలనుకున్నా నదిలోనో చెరువులోనో వదలొద్దు. ఆ తోకతో అది ఏ చేప నుంచీ తప్పించుకోలేదు, మన నీళ్ళకది పరాయి జాతి కూడా.

చేప పోయిన రోజున తొట్టి ఖాళీ చేసేయకుండా ముందు ఒక గ్లాసు నీళ్ళు పక్కన తీసి పెట్టండి. థర్మామీటర్ ఎంత చూపిస్తోందో రాసుకోండి. అడుగున మిగిలిన గుళికలు ఎన్నో, స్పాంజ్‌లో బుడగలు వస్తున్నాయో లేదో చూడండి. అమ్మోనియా కిట్‌తో ఆ గ్లాసు నీళ్ళు పరీక్షించండి. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పోసి చుక్కలు కలిపి ఐదు నిమిషాలు ఆగితే, పసుపుగా ఉంటే నీళ్ళు బాగున్నట్టు, ఆకుపచ్చకి తిరిగితే చంపినది ఇదే. అప్పుడు కొత్త చేప కోసం బజారుకి వెళ్ళకుండా స్పాంజ్‌ని అలాగే నడవనిచ్చి, రోజుకి చిటికెడు మేత ఖాళీ తొట్టిలో వేస్తూ, గొట్టంలో రంగు వారం పాటు పసుపుగానే నిలిచే దాకా ఆగండి.